పాత లాకు దగ్గర ఆరు మరలు

మరియదాసు నోరు విప్పితేగా.

మెహరాజ్ పదకొండున్నరకి మొదలుపెట్టింది. ఇప్పుడు పన్నెండుంబావు. స్టేషన్ వెనక గదిలో ఊచల అవతల గోడకానుకుని కూర్చున్న ఆ ముసలాయన, ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఒకటే పాట పాడుతున్నాడు.

"నాకేం తెలవదమ్మా."

"సాయంత్రం నాలుగింటికి మిమ్మల్ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. మీ మీద పెట్టింది హత్య కేసు. అది తెలుసా?"

"తెలుసమ్మా."

"పెద్దాయన్ని మీరే చంపారా?"

తల దించుకున్నాడు. అరచేతులు చూసుకున్నాడు. ముప్పయ్యేళ్ళు కాలవ లాకు దగ్గర లస్కరుగా షట్టర్లు ఎత్తీ దించీ కాయలు కాసిన చేతులవి. మెహరాజ్‌కి ఒళ్ళు మండింది. బెంజ్ సర్కిల్ పైన, చీరల కొట్టు మీద రెండో అంతస్తులో ఉన్న తన డిటెక్టివ్ ఆఫీసుకి పొద్దున్నే ఈయన భార్య అమలమ్మ తొలి బస్సుకి వచ్చి, మెట్ల మీద కూలబడి ఏడ్చింది. "మా ఆయన చీమని కూడా తొక్కడమ్మా" అంది. ఆ చీమని తొక్కని మనిషేమో తనని తాను కాపాడుకోవడానికి ఒక్క ముక్క చెప్పడు.

చనిపోయింది మామూలు మనిషి కాదు మరి. జయకృష్ణ గారు. ఒకప్పటి కేంద్రమంత్రి.

ఆయన చేసిన పని తలుచుకుంటే మెహరాజ్‌కి ఇప్పటికీ ఆశ్చర్యమే. కాలవ ఎక్కడిదైనా సరే, మొదటి వంతు నీళ్ళు చిట్టచివరి పొలానివి. ఎగువన కూర్చున్నవాడు ఎంత పెద్దవాడైనా ఆ పొలం తడిసిందాకా ఆగాల్సిందే. ఇదీ ఆయన తెచ్చిన చట్టం. మాటలు చూస్తే ఎంత చిన్నవో! ఆ చిన్న మాటల కోసం ఇరవై రెండు నెలలు దేశమంతా తిరిగాడు. కాలవ గట్ల మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని రైతులతో మాట్లాడాడు. సొంత పార్టీలో పెద్ద తలకాయలు కాళ్ళు పట్టుకు లాగుతుంటే ఒక్కడే నిలబడ్డాడు. తీరా ఆ చట్టం రాజ్యసభ ముందు ఉండగా బయటపడింది ఆ ఉత్తరం. ఒక కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీకి నదిలో నీళ్ళు తోడుకోమని అనుమతి, కింద ఆయన సంతకం. సభలో లేచి నిలబడి ఆయన అన్నది రెండే మాటలు. "సంతకం నాదే." రాజీనామా చేసి, రైలెక్కి వచ్చేశాడు. విజయవాడ స్టేషన్లో చెప్పుల దండతో ఎదురొచ్చారు జనం. తొమ్మిదో రోజున చట్టం మాత్రం పాసయింది. ఇదంతా జరిగి మూడేళ్ళు. ఆ ఉత్తరం మీద వేసిన విచారణ కమిషన్ ఈ బుధవారమే ఆయన్ని రమ్మంది.

ఆ సంతకం ఆయనదేనని ధ్రువీకరించింది మెహరాజే. అప్పట్లో సీఐడీలో రాతల నిపుణురాలు. సంతకం నిజమే, అందులో అబద్ధం లేదు. కానీ సంతకం మీద అక్షరాల నలుపు ఎక్కి ఉంది. అంటే ముందు సంతకం పడింది, ఉత్తరం తర్వాత అచ్చయింది. ఆ సంగతి రెండో పేరాలో రాసింది కూడా. "నిన్నడిగింది సంతకం గురించి. అడిగినదానికే జవాబు చెప్పు" అన్నాడు పై అధికారి. ఆ పేరా కొట్టేసింది. నాలుగు నెలల్లో ఉద్యోగం మానేసింది. ఈ కేసులో పైసా తీసుకోనని పొద్దున అమలమ్మతో అంటే ఆవిడకి ఎందుకో అర్థం కాలేదు.

"మరియదాసు గారూ, నేను లాకు దగ్గరికి వెళ్ళొస్తా. ఈలోగా మీరు దేని మీదా వేలిముద్ర వెయ్యకండి. వింటున్నారా?"



* * *

పాత లాకు దగ్గరికి చేరేసరికి ఒంటిగంటా పది. డీఎస్పీ తిరుపతిరావు అప్పటికే అక్కడున్నాడు, గొడుగు కింద, చల్లగా సోడా తాగుతూ.

"రండి మేడమ్ రండి. పెద్దాయన్ని ఒకసారి సంతకంతో పడగొట్టారు. ఇప్పుడు ఆయన్ని చంపినవాణ్ణి విడిపించడానికి వచ్చారా?"

తగలాల్సిన చోటే తగిలింది. మెహరాజ్ మొహంలో కనపడనివ్వలేదు.

"మీ లెక్క చెప్పండి సార్. వింటాను."

"లెక్కేముంది, తేటతెల్లం. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఇదే గట్టు మీద పెద్దాయనకీ లస్కరుకీ వాదులాట. 'ఇవ్వనంటే ఇవ్వను' అని వీడు అరవడం ముగ్గురు విన్నారు. సోమవారం తెల్లవారి ఐదింటికి పాలవాడు చూశాడు వీణ్ణి, తడిబట్టలతో, చేతిలో షట్టరు తిప్పే ఇనుప హ్యాండిలుతో ఇంటివైపు పోతున్నాడు. ఆరింటికి జనం వచ్చి చూస్తే గట్టు మీద శవం. తల వెనక దెబ్బ. హ్యాండిలు వీడి మంచం కింద దొరికింది, దాని మీద నెత్తురు. డాక్టరు చెప్పిన టైము మూడు నుంచి ఆరు. ఇంకేం కావాలి?"

"ఆ రాత్రి మరియదాసు చర్చిలో ఉన్నాడుగా. ఆల్‌నైట్ ప్రేయర్. పాస్టరు గారూ నలభై మందీ చూశారు."

"ప్రేయరు నాలుగింటికి అయిపోయింది. నాలుగుకీ ఐదుకీ మధ్య గంట టైముంది. మనిషిని చంపడానికి గంటెందుకండీ?" అన్నాడు తిరుపతిరావు, సోడా సీసా పక్కన పెట్టి.

పసుపు రిబ్బను అవతల నుంచుని ఉంది కీర్తన, ఈ కాలవ చూసే ఇంజనీరు. పాతికేళ్ళ పిల్ల, ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మెహరాజ్ ఆమెని పిలిచింది.

"ఏమ్మా, హ్యాండిలు లస్కరు ఇంట్లో ఎందుకుంటుంది?"

"ఇంట్లో కాక ఎక్కడుంటుందండీ? లాకు దగ్గర వదిలేస్తే ఎవరికి వాళ్ళు వచ్చి షట్టరు తిప్పేసుకోరూ! పని అవ్వగానే పీకి ఇంటికి పట్టుకుపోతారు. మంచం కిందే పెట్టుకుంటారు. మా లస్కర్లందరూ అంతే."

"విన్నారా సార్?" అంది మెహరాజ్. "దాచలేదు. చెయ్యి అలవాటుగా చేసిన పని. ఇల్లు తగలబడుతున్నా లస్కరు హ్యాండిలు వదిలి రాడు. చంపినవాడైతే కాలవలోకి విసిరేసేవాడు, పది అడుగుల నీళ్ళున్నాయి కిందనే."

తిరుపతిరావు మొహం మాడింది. "అలవాటు అని కోర్టులో చెప్పండి, నవ్వుతారు."

మెహరాజ్ రిబ్బను దాటి షట్టరు దగ్గరికి వెళ్ళింది. నిలువుగా మోచేతి లావు స్క్రూ రాడ్డు. హ్యాండిలు తగిలించి తిప్పితే రాడ్డు పైకి లేస్తుంది, దానితో పాటు కింద షట్టరు లేస్తుంది. చట్రం పైన రాడ్డు చుట్లు, లస్కర్ల మాటలో మరలు, ఎన్ని కనపడితే అన్ని నీళ్ళు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఆరు.

"శవం దొరికాక దీన్నెవరన్నా ముట్టుకున్నారా?"

"నా మనుషులు నిన్న ఆరుంబావు నుంచీ కాపలా ఉన్నారు. ఈగని వాలనివ్వలేదు" అన్నాడు తిరుపతిరావు గర్వంగా.

"ఆదివారం రాత్రి వంతు ఎవరిది కీర్తనా?"

"చివరి పొలాలది, వల్లూరిలంక వాళ్ళది. తెల్లవారుజామున మూడింటికి పూర్తిగా ఎత్తాలి, నాలుగున్నరకి దించెయ్యాలి. చట్టం ప్రకారం ఈ వారమంతా అదే, శుక్రవారం దాకా."

"మూడింటికి మరియదాసు చర్చిలో మోకాళ్ళ మీదున్నాడు. మరి షట్టరు ఎవరెత్తారు?"

మెహరాజ్ ఫోను తీసి పొద్దున అమలమ్మ ఇచ్చిన నంబరు కొట్టింది. వల్లూరిలంక రైతు బసవయ్య. ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్ల దిగువన, కాలవ చివర ఎకరంన్నర. స్పీకరు ఆన్ చేసింది.

"బసవయ్య గారూ, సోమవారం పొద్దున మీ పొలం బోదెలోకి నీళ్ళొచ్చాయా?"

"వచ్చినయ్యమ్మాయ్. ఐదున్నరకి ఠంచనుగా వచ్చినయ్. లాకు కాడ ఎత్తినాక మాకు చేరడానికి రెండున్నర గంటలు. గడియారం చూసుకోనక్కర్లా. కానీ ఏందో, ఆరింటికల్లా ఆగిపోయినయ్. రోజూ ఏడు దాకా పారతయ్. సగం మడి ఎండిపోయే ఉంది. ఇయ్యాల అసలు రానేలేదు."

ఫోను పెట్టేసింది. తిరుపతిరావు ఎంత మొండివాడైనా మొద్దు కాదు. వేళ్ళ మీద లెక్కేసుకుంటున్నాడు.

"నేను చెబుతా సార్. ఐదున్నరకి చేరాయంటే మూడింటికి ఎత్తారు. ఆరింటికి ఆగాయంటే మూడున్నరకి దించారు. నాలుగున్నరకి దించాల్సింది గంట ముందే దించేశారు. ఆ మూడున్నరకే ఇక్కడ ఏదో జరిగింది. అప్పటికి మరియదాసు నలభై మంది మధ్య పాటలు పాడుతున్నాడు."

"మూడింటికి ఎత్తిందెవరు?"

"ఆదివారం సాయంత్రం 'ఇవ్వనంటే ఇవ్వను' అన్నాడే, ఏది ఇవ్వనన్నాడు? హ్యాండిలు. 'నువ్వు ప్రార్థనకి వెళ్ళిరా, ఈ పూట వంతు నేను తిప్పుతా' అని ఉంటారు పెద్దాయన. డెబ్భై నాలుగేళ్ళ మనిషి చేతికి ఎలా ఇస్తాడు? వాదులాడాడు. చివరికి ఇచ్చాడు."

అంటూ అంటూనే మెహరాజ్ ఆ రాడ్డు మీద చెయ్యి వేసింది. దేశానికి చట్టం చేసినాయన. అన్ని రాష్ట్రాల్లో కోటీశ్వరుల్ని నీళ్ళకోసం వరసలో నిలబెట్టినాయన. చెప్పుల దండ వేయించుకున్నాక కూడా, ఒక లస్కరు రాత్రంతా ప్రార్థన చేసుకోవాలని, అర్ధరాత్రి దాటాక లేచి ఒంటరిగా ఈ ఇనప రాడ్డు తిప్పాడు, ఎవడో బసవయ్య మడి తడవాలని. ఇలాంటి మనుషులు కూడా ఉంటారా అనిపించింది. ఉన్నాడు ఒకడు. మొన్నటిదాకా ఉన్నాడు.

తిరుపతిరావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వెటకారం ఎటో పోయింది.

"సరే. మరి దించినవాడెవడు?"

"అదే చూద్దాం. కీర్తనా, వంతు అయ్యాక పగటిపూట ఎన్ని మరలు ఉంచాలి?"

"నాలుగండీ." ఆమె రాడ్డు వైపు చూసి ఆగిపోయింది. "కాదు... ఆరు. ఆదివారం రాత్రి పదీ పదికి కొత్త ఆర్డరొచ్చింది, సోమవారం నుంచి ఆరు మరలని. నాకే వచ్చింది మెసేజ్. నేను కొండపల్లిలో అమ్మావాళ్ళింట్లో ఉన్నా. పొద్దున వచ్చి మరియదాసుకి చెబుదామనుకున్నా. చెప్పనేలేదు. అప్పటికే..."

"ఇంకెవరికి చెప్పావు?"

"ఎవరికీ చెప్పలేదండీ."

"అయితే ఈ లాకుకి ఆరు అన్న సంగతి తెలిసింది ఇద్దరికే. అందుకున్న నీకు, పంపినవాళ్ళకి. ఎవరు పంపారు?"

కీర్తన ఫోను తీసి మెసేజ్ చూపించింది. "చైర్మన్ గారు. సిద్ధార్థ గారు."

సిద్ధార్థ అంటే చివరి భూముల బోర్డు చైర్మన్, ఈ చట్టాన్ని కాలవల మీద అమలు చేయించే మనిషి. అంతకుముందు ఢిల్లీలో జయకృష్ణ గారి ప్రైవేట్ సెక్రటరీ. ఇంకా ముందు ఇదే కాలవ మీద ఇంజనీరు. చట్టంలో ప్రతి వాక్యం ఆయన చేత్తో రాసిందే. నిన్నట్నుంచీ పెద్దాయన శవం పక్కనే నుంచుని వచ్చినవాళ్ళందరికీ దండాలు పెడుతున్నది ఆయనే.

"కళ్ళు మూసుకుని చేసిన పనిది" అంది మెహరాజ్ మెల్లిగా. "మనిషి పడిపోయాడు. పారిపోవాలి. కానీ షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది, అలా వదిలేస్తే దిగువ నారుమళ్ళు మునుగుతాయి. ఇంజనీరు చెయ్యి ఊరుకోదు. దించాడు. ఎన్ని మరలకి దించాలో తన ఆర్డరే తనకి గుర్తుంది."

తిరుపతిరావు వంగి ఆ ఆరు మరల్నీ తనూ ఒకసారి లెక్కపెట్టాడు. "ఇది చాలదు మేడమ్. ఆయన మీద చెయ్యి వెయ్యాలంటే ఇది చాలదు."

"తెలుసు. కీర్తనా, చైర్మన్ గారికి ఫోన్ చెయ్యి. లాకు తెరవడానికి పోలీసులు అనుమతి ఇస్తారట, సంతకం కోసం మూడున్నరకి స్టేషన్‌కి రమ్మంటున్నారని చెప్పు. ఇంకేం చెప్పకు."

* * *

స్టేషన్‌కి వెళ్ళేసరికి మూడుంబావు. గుమ్మంలోనే రైటరు ఎదురొచ్చాడు, చేతిలో కాగితం ఊపుతూ.

"సార్, ఒప్పేసుకున్నాడు. తనే చంపానంటున్నాడు. మేజిస్ట్రేటు గారి ముందు కూడా ఇదే చెబుతాట్ట."

మెహరాజ్ పరుగులాంటి నడకతో వెనక గదికి వెళ్ళింది.

"ఏంటండీ ఈ పని? మూడున్నరకి మీరు చర్చిలో ఉన్నారు. నిరూపించాను. మీరు బయటికి రావచ్చు. అమలమ్మ గారికి ఏం చెప్పమంటారు నన్ను?"

మరియదాసు ఊచల దగ్గరికి వచ్చాడు. మొదటిసారి ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"నేను బయటికొస్తే మీరు ఇంకొకరి కోసం ఎతుకుతారు కదమ్మా?"

ఆ ప్రశ్నతో ఆమెకి సగం అర్థమైంది. గొంతు తగ్గించింది. "ప్రార్థన అయ్యాక మీరు వెళ్ళేసరికి ఆయన ఇంకా బతికే ఉన్నారు. కదూ?"

ముసలాయన కళ్ళు నిండిపోయాయి.

"నీళ్ళల్లో సగం పడున్నారమ్మా. లాగి గట్టు మీద పడుకోబెట్టా. తల నా ఒళ్ళోనే. డాక్టరు కోసం పరిగెత్తబోతే చెయ్యి వదల్లా. 'మరియదాసూ, కాలు జారింది, అంతే. సిద్ధార్థ వచ్చాడని ఎవరికీ చెప్పకు' అన్నారు. 'తప్పు చేశాడయ్యా' అన్నా. 'ఢిల్లీలోనూ చేశాడు. వాణ్ణి పట్టిస్తే చట్టం పోతుందని నేనే దిగిపోయా. ఇప్పుడూ అంతే. ఎగువ వాళ్ళని ఆపగలిగింది వాడొక్కడే. నేను పోతే ఏం కాదు, వాడు పోతే వల్లూరిలంకకి చుక్క రాదు' అన్నారు. మాట ఇయ్యమన్నారు. ఇచ్చా. కాసేపటికి చెయ్యి వదిలేశారు."

మెహరాజ్ ఊచలు పట్టుకుంది. మూడేళ్ళుగా తను కొట్టేసిన ఆ రెండో పేరా నిద్రలో కూడా వెంటాడేది. ఆయనకి తెలుసన్నమాట. అంతా తెలిసే, తనకోసం ఒక్క వాక్యం చెప్పుకోకుండా, దేశం ముందు దోషిగా నిలబడ్డాడు. చావుబతుకుల మధ్య తల పగిలి పడుండి కూడా, కొట్టినవాణ్ణి కాపాడాడు. ఇంత పెద్ద మనసు ఎదట తను చేసిన పరిశోధన ఏపాటిది?

"ఢిల్లీలో ఆయన ఒప్పుకున్నారు. ఇక్కడ నేను ఒప్పుకుంటా" అన్నాడు మరియదాసు. "అరవై ఏళ్ళోణ్ణి. నా వల్ల ఆగేది ఏముంది?"

వెనక ఏదో పడిన చప్పుడు. మెహరాజ్ తిరిగి చూసింది. తలుపు దగ్గర సిద్ధార్థ నుంచుని ఉన్నాడు, పక్కన తిరుపతిరావు. ఫైలు కింద పడి కాగితాలు చెదిరాయి. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో ఆ మొహం చూస్తే అడగక్కర్లేదు.

"రేపు విచారణ కమిషన్ పిలిచింది కదా ఆయన్ని" అంది మెహరాజ్. "మీ పేరు చెబుతారని భయపడ్డారు."

"అడగడానికే వెళ్ళా" అన్నాడు సిద్ధార్థ. "ఆయన సంతకం చేసిన ఖాళీ కాగితాలు నా దగ్గరే ఉండేవి, అర్జంటు పనులకి. అందులో ఒకదాని మీద ఆ ఉత్తరం నేనే కొట్టించా. ఫ్యాక్టరీ వాళ్ళు మా తమ్ముణ్ణి పట్టుకుని బెదిరించారు. ఒక్కసారి లొంగా. కమిషన్ ముందు ఏం చెబుతారని ఆ రాత్రి అడిగితే, 'నువ్వెళ్ళి పడుకో, వంతు అయ్యేదాకా నాకిక్కడ పనుంది' అన్నారు. హ్యాండిలు పీకి పక్కన పెట్టి అటు తిరిగారు. చెప్పేస్తారనుకున్నా. నన్ను వదిలేస్తారనుకున్నా."

"ఆఖరి ఊపిరిలో కూడా వదల్లేదు మిమ్మల్ని" అంది మెహరాజ్.

సిద్ధార్థ ఊచల దాకా వచ్చి నేల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. తలెత్తి తిరుపతిరావు వైపు చెయ్యి చాపాడు.

"డీఎస్పీ గారూ, ఆ ముసలాయన చెప్పిన కాగితం చింపెయ్యండి. నేను చెబుతా, రాసుకోండి."

గోడ గడియారంలో మూడూ నలభై. తిరుపతిరావు కాగితం తీసుకున్నాడు, పెన్ను తీశాడు. కానీ రాయడానికి చెయ్యి రావడం లేదు ఆయనకి. మెహరాజ్ వైపు చూశాడు.

ఊచల్లోంచి మరియదాసు చెయ్యి బయటికి వచ్చి సిద్ధార్థ భుజం పట్టుకుంది.

"వద్దు సార్. మీరు లోపలికెళ్తే ఎగువ వాళ్ళు ఈ రాత్రికే లాకు మీద పడతారు. నిన్న రాత్రి వంతు ఎలాగూ పోయింది. శుక్రవారం దాకా ఇంకా మూడు రాత్రులున్నయ్. అప్పటిదాకా లోపల నన్నే ఉండనీయండి."